కన్జర్వేటివ్ అంటే సంప్రదాయవాది అనేనా? ఆ విశేషణం అర్థమూ, వాడుకా

మీ ప్రశ్నను మిగతా పాఠకులకు కూడా తెలిసేలా ముందు క్లుప్తంగా చెబుతాను. విదేశంలో పైచదువు కోసం పంపే దరఖాస్తులో మీరు ‘ఐ కమ్ ఫ్రమ్ ఎ కన్జర్వేటివ్ ఫ్యామిలీ ఇన్ నల్గొండ డిస్ట్రిక్ట్’ అని రాసుకున్నారు. అది చదివిన మీ స్నేహితురాలు ఆ విశేషణాన్ని తీసివేయమన్నారు. అంతకు కొద్దికాలం ముందే మీ నాన్నగారి నడుమునొప్పికి ఆసుపత్రిలో ఇచ్చిన కాగితం మీద ‘కన్జర్వేటివ్ మేనేజ్‌మెంట్’ అని ఉంటే, ఇంట్లోవారు దాన్ని పాతకాలపు వైద్యమని, పసరు మందు వాడమన్నారని అనుకున్నారు. నిఘంటువు తెరిస్తే సంప్రదాయవాది, ఛాందసుడు, మితవాది, జాగరూకుడు అని పొంతన లేని అర్థాలు వరుసగా కనిపించాయి. వీటిలో ఏది సరైనది, ఆ మాట పొగడ్తా, నిందా, దరఖాస్తులో ఉంచాలా, తీసివేయాలా అన్నది మీ సందేహం. నల్లగొండ, పాలమూరు జిల్లాల డిగ్రీ విద్యార్థులకు చాలాకాలం ఇంగ్లిషు చెప్పినవాడిని కనుక ఈ సందేహం నాకు బాగా పరిచయమైనదే. దీనికి ఒక్క వాక్యంలో జవాబు చెప్పి తప్పుకోవడం న్యాయం కాదు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

కన్జర్వేటివ్ అనే విశేషణం పాతదనాన్ని కొలిచే మాట కాదు. మార్పు ఎదురైనప్పుడు ఒక మనిషి గానీ, సంస్థ గానీ, లెక్క గానీ ఉన్నదాన్ని పోగొట్టుకోకుండా ఎంత జాగ్రత్తగా అడుగు వేస్తుందో తెలిపే మాట. ఏది ఉన్నదో, దేన్ని పోగొట్టుకోకూడదో మాత్రం ఆ విశేషణం తనంతట తాను చెప్పదు, దాని తర్వాత వచ్చే నామవాచకం చెబుతుంది. కుటుంబానికి ముందు వస్తే ఆచారాలు, వైద్యానికి ముందు వస్తే శరీర భాగాలు, అంచనాకు ముందు వస్తే నష్టానికి అవకాశమివ్వని అంకె, దుస్తుల ముందు వస్తే పదిమంది కళ్లూ తమ మీద పడనివ్వని నిరాడంబరత అని అర్థం మారుతుంది. ఈ మాటకు తెలుగులో ఒకే సమానపదాన్ని వెదికి పట్టుకొని దాన్నే అన్నిచోట్లా అతికించడం వల్లనే మీ ఇంట్లో పసరు మందు దాకా వెళ్లవలసి వచ్చింది.

మూలంలో కూడా ఈ అర్థమే ఉంది. లాటిన్‌లో ‘కన్సర్వారే’ అంటే చెడకుండా కాపాడడం. ఇంగ్లిషులో ఈ విశేషణం 14వ శతాబ్దం చివరి నుంచి కనిపిస్తుంది. అప్పుడు దానికి ‘కాపాడే గుణం కలది’ అని తప్ప రాజకీయంతో గానీ, మతాచారంతో గానీ సంబంధం లేదు. ఆ తర్వాత నాలుగు వందల సంవత్సరాలకు పైగా గడిచాకనే రాజకీయ అర్థం వచ్చి చేరింది. మన విద్యార్థులు వెనుక వచ్చిన అర్థాన్ని ముందు నేర్చుకుంటారు, దానితో మొదటి అర్థంలో వాడిన చోట్లన్నీ వింతగా తోస్తాయి.

మీ నాన్నగారి కాగితం సంగతి ముందు తేల్చుకుందాం, ఎందుకంటే అక్కడ పొరపాటు పడితే ఆరోగ్యానికే ముప్పు. వైద్యుల భాషలో కన్జర్వేటివ్ మేనేజ్‌మెంట్ అంటే శస్త్రచికిత్స జోలికి వెళ్లకుండా విశ్రాంతి, మందులు, ఫిజియోథెరపీ, క్రమం తప్పని పరీక్ష వంటి వాటితో నయం చేయడానికి ప్రయత్నించడం. అది పూర్తిగా ఆధునిక వైద్యమే. మూత్రపిండంలో చిన్న రాయి ఉన్నప్పుడు అది దానంతట అదే పడిపోయే అవకాశం ఉందని వేచి చూడడం కూడా ఈ కోవలోకే వస్తుంది. శరీరాన్ని కోయకుండా, ఉన్న భాగాన్ని ఉన్నట్టు కాపాడడం అక్కడి ఉద్దేశం. దంతవైద్య కళాశాలల్లో ‘కన్జర్వేటివ్ డెంటిస్ట్రీ’ అని ఏకంగా ఒక విభాగమే ఉంటుంది. పన్ను పీకివేయకుండా పుచ్చిన మేరకు తొలిచి, నింపి, వేరుకు చికిత్స చేసి నిలబెట్టే శాస్త్రం అది, పాత పద్ధతిలో పళ్లు పీకే విద్య కాదు. కాబట్టి ఆ కాగితంలో ఉన్న మందులూ వ్యాయామాలూ వైద్యుడు చెప్పినట్టే కొనసాగించమని మీ నాన్నగారికి చెప్పండి.

అంచనాల విషయంలో ఈ మాట మరింత సూక్ష్మంగా పనిచేస్తుంది, ఇక్కడ మంచి ఇంగ్లిషు వచ్చినవారు కూడా తడబడతారు. ‘కన్జర్వేటివ్ ఎస్టిమేట్’ అంటే తక్కువ అంచనా అని చాలామంది కంఠస్థం చేస్తారు. చాలాసార్లు అది నిజమే. మిర్యాలగూడ ఆయకట్టులో ఒక రైతు ఎకరాకు 30 బస్తాల వడ్లు రావచ్చని ఊరంతా అంటున్నా, అప్పు తీర్చే లెక్క వేసుకునేటప్పుడు 24 బస్తాలే వస్తాయని పెట్టుకుంటే అది కన్జర్వేటివ్ అంచనా. అయితే అదే రైతు ఖర్చు లెక్క వేసుకునేటప్పుడు కన్జర్వేటివ్‌గా ఉండదలిస్తే ఎరువుకూ కూలికీ కాస్త ఎక్కువే పెట్టుకోవాలి. ఆనకట్ట కట్టే ఇంజినీరు వరద అంచనాలో కన్జర్వేటివ్‌గా ఉన్నాడంటే పెద్ద వరదనే లెక్కలోకి తీసుకున్నాడని అర్థం. తక్కువా ఎక్కువా అన్నది ఈ మాటలో లేదు. పొరపాటు జరిగితే ఏ వైపు జరిగితే నష్టం తక్కువో ఆ వైపుకు మొగ్గి ఉండడమే ఇందులో ఉన్నది. వాణిజ్యశాస్త్రం చదివినవారికి ఇది సులభంగా తెలుస్తుంది. రాబోయే నష్టానికి ముందే లెక్కలో చోటు పెట్టాలని, రాబోయే లాభాన్ని చేతికందే దాకా రాయకూడదని, నిల్వ ఉన్న సరుకును కొన్న ధర, మార్కెట్ ధర ఈ రెండింటిలో తక్కువదానితో చూపాలని చెప్పే నియమాన్ని ఆ పుస్తకాల్లో ‘కన్జర్వేటిజం’ అనే అంటారు.

మన జిల్లాకు దగ్గరి ఉదాహరణ ఒకటి ఉంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. భారత ప్రమాణాల సంస్థ మాత్రం లీటరుకు 1 మిల్లీగ్రామునే ఆమోదయోగ్యమైన పరిమితిగా పెట్టి, వేరే నీటి వనరు లేనప్పుడే 1.5 వరకు అనుమతిస్తుంది. ఈ రెండింటిలో 1 మిల్లీగ్రామును ఇంగ్లిషులో ‘మోర్ కన్జర్వేటివ్ లిమిట్’ అంటారు. ఫ్లోరోసిస్‌తో వంగిపోయిన మనుషులను కళ్లారా చూసిన నల్లగొండవారికి ఇక్కడ ఆ విశేషణం ఎంత గౌరవంగా పలుకుతుందో వేరే చెప్పనక్కరలేదు. అందులో ఛాందసం లేదు, రక్షణ ఉంది.

ఇక ట్రెడిషనల్ అనే మాటకూ దీనికీ ఉన్న తేడా. మీ దరఖాస్తులో సమస్య పుట్టింది ఇక్కడే కాబట్టి కొంతసేపు దీని దగ్గర ఆగుతాను. ట్రెడిషనల్ అంటే తరం నుంచి తరానికి చేతులు మారుతూ వచ్చినది. కన్జర్వేటివ్ ఒక వైఖరి పేరు అయితే, ట్రెడిషనల్ ఒక వారసత్వం పేరు. దుస్తుల ఉదాహరణతో ఇది తేటతెల్లమవుతుంది. నూలు ఒంటికి పట్టు అంచునూ పట్టు కొంగునూ కలిపి నేసే గద్వాల చీర, అందులోనూ ముదురు ఎరుపు మీద పసుపు అంచు, నిండు జరీ కొంగు ఉన్నది, నిస్సందేహంగా ట్రెడిషనల్. కానీ ఇంటర్వ్యూకు పిలిచిన సంస్థ ‘డ్రెస్ కన్జర్వేటివ్లీ’ అని రాసిందంటే ఆ చీర కట్టుకొని రమ్మని కాదు. ముదురు రంగు ప్యాంటు, తెల్ల చొక్కా, లేదా పెద్దగా మెరుపు లేని సాదా నూలు చీర అక్కడ సరిపోతుంది. తెల్ల చొక్కా మన సంప్రదాయం కాదు, అయినా కన్జర్వేటివే. జరీ కొంగు మన సంప్రదాయమే, అయినా ఆ సందర్భంలో కన్జర్వేటివ్ కాదు. మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాదుకు ఇంటర్వ్యూలకు వెళ్లే ఆడపిల్లలు ఈ సూచన చదివి పట్టుచీరలో వెళ్లడం నేను ఎరుగుదును. అందులో వారి తప్పేమీ లేదు, ఆ తేడాను మేము పాఠంలో చెప్పి పంపవలసింది.

మనుషుల విషయంలో కూడా ఈ రెండు గుణాలూ ఎప్పుడూ జంటగా ఉండవు. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డిగారినే తీసుకోండి. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవుల రచనలను సేకరించి 1934లో గోలకొండ కవుల సంచికను ప్రచురించారు. సంప్రదాయ సాహిత్యం మీద అంతటి ప్రేమ, దాన్ని నష్టపోనీయకూడదన్న అంతటి పట్టుదల ఆయనది. అదే సురవరం 1930లో జోగిపేటలో జరిగిన, నిజాం రాజ్యంలోని తెలుగువారి సంస్థ అయిన ఆంధ్ర మహాసభ తొలి సమావేశానికి అధ్యక్షత వహించారు, సమాజంలో సంస్కరణ కోసం గోలకొండ పత్రిక ద్వారా కలం పట్టారు. ఆయన పాండిత్యాన్ని ట్రెడిషనల్ అనవచ్చు. ఆయనను కన్జర్వేటివ్ అనడం మాత్రం సరికాదు. పద్యాన్ని ప్రేమించినవాడు దురాచారాన్ని కూడా ప్రేమించి తీరాలని ఎక్కడా లేదు.

ఆర్థడాక్స్ అనే మాట వీటి కన్నా బిగువైనది. గ్రీకులో ‘ఆర్థోస్’ అంటే తిన్ననిది, సరైనది. ‘డాక్సా’ అంటే అభిప్రాయం. నిర్ణీతమైన సిద్ధాంతాన్ని, విధిని తు.చ. తప్పకుండా పాటించడం దీని అర్థం. మడి కట్టుకోకుండా వంటింట్లో అడుగు పెట్టని ఇంటిని ఆర్థడాక్స్ హౌస్‌హోల్డ్ అనవచ్చు. యూదు మతంలో ఆర్థడాక్స్, కన్జర్వేటివ్, రిఫార్మ్ అనే మూడు ప్రధాన శాఖలున్నాయి. వాటిలో కన్జర్వేటివ్ శాఖ మిగతా రెండింటికీ మధ్యన నిలుస్తుంది. అంటే ఇంగ్లిషు పాఠకుడి చెవికి ఆర్థడాక్స్ అన్నప్పుడు వినిపించేటంత కఠినత కన్జర్వేటివ్ అన్నప్పుడు వినిపించదు. అలాగని ఆర్థడాక్స్ తిట్టు కూడా కాదు. క్రికెట్ చూసేవారికి ‘లెఫ్ట్ ఆర్మ్ ఆర్థడాక్స్’ అనే మాట తెలుసు. రవీంద్ర జడేజా లాగా, మన హైదరాబాదు వెంకటపతి రాజు లాగా ఎడమచేత్తో వేళ్లతో బంతిని తిప్పే శాస్త్రబద్ధమైన శైలికి అది పేరు. కుల్దీప్ యాదవ్ మణికట్టుతో తిప్పుతాడు కాబట్టి ఆ పేరు అతనికి చెల్లదు.

ఈ వరుసలో నిందగా మాత్రమే వాడే మాట హైడ్‌బౌండ్. మేత చాలక బక్కచిక్కి, చర్మం ఎముకలకు అంటుకుపోయిన పశువును మొదట ఇలా అనేవారు. కరువు సంవత్సరాల్లో పాలమూరు పశువులను చూసినవారికి ఆ రూపం వర్ణించి చెప్పనక్కరలేదు. అక్కడి నుంచి, కొత్త ఆలోచన ఒంటికి పట్టక బిగుసుకుపోయిన మనిషికి ఆ మాట వచ్చింది. మన ఛాందసుడికి ఇంగ్లిషులో దగ్గరి బంధువు ఇదే గానీ కన్జర్వేటివ్ కాదు. ఛందస్సు అంటే వేదం కాబట్టి ఛాందసుడంటే ఒకనాడు వేదం చదువుకున్నవాడనే గౌరవవాచకం, ఈనాడు దాన్ని ఎవరూ పొగడ్తగా తీసుకోరు. కన్జర్వేటివ్‌కు ఛాందసుడు అని రాసే నిఘంటువులు పాఠకుడిని తప్పుదారి పట్టిస్తున్నాయని నా నిశ్చితాభిప్రాయం. తెలిపే మాటకూ తిట్టే మాటకూ మధ్య ఉన్న గీతను అవి చెరిపివేస్తున్నాయి.

రాజకీయార్థానికి వద్దాం. ఫ్రెంచి విప్లవం మీద 1790లో బ్రిటన్ పార్లమెంటు సభ్యుడు ఎడ్మండ్ బర్క్ రాసిన విమర్శను ఈ ధోరణికి మూలగ్రంథంగా చెబుతారు. తనలో మార్పు తెచ్చుకునే సాధనం లేని రాజ్యానికి తనను తాను కాపాడుకునే సాధనం కూడా ఉండదని ఆయన అందులో అన్నారు. ఈ మాట గుర్తుంచుకోండి, ఎందుకంటే కన్జర్వేటివ్ అంటే మార్పే వద్దనేవాడన్న అపోహకు ఇంతకన్నా మంచి జవాబు లేదు. మనకు కళ్లెదుటి నిదర్శనం కూడా ఉంది. శ్రీశైలం జలాశయంలో మునిగిపోనున్న కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో తిరిగి కట్టారు. గుడి నిలవడానికి దాని చోటే మారవలసి వచ్చింది.

రాజకీయ పేరుగా ఈ మాటను వ్యాప్తిలోకి తెచ్చినవారిలో ఫ్రాన్సుకు చెందిన రచయిత షాతోబ్రియాఁ ముఖ్యుడు. 1818లో ఆయన మొదలుపెట్టిన పత్రిక పేరే ‘కాపాడేవాడు’ అనే అర్థమిచ్చే ఫ్రెంచి మాట. 1830లో లండన్‌లోని క్వార్టర్లీ రివ్యూ పత్రికలో వచ్చిన ఒక వ్యాసం, బ్రిటన్‌లో రాజునూ చర్చినీ సమర్థించే టోరీ పక్షాన్ని కన్జర్వేటివ్ పక్షం అనడం మరింత సబబుగా ఉంటుందని సూచించింది. 1834లో బ్రిటన్ ప్రధాని రాబర్ట్ పీల్ టామ్‌వర్త్ ఓటర్లకు చేసిన ప్రకటనలో, 1832 నాటి ఎన్నికల సంస్కరణను ఒప్పుకుంటూ, రుజువైన లోపాలను సరిదిద్దుతూనే ఉన్న వ్యవస్థలను నిలుపుకుంటామని చెప్పి ఆ పక్షానికి దారి చూపారు. అప్పటి నుంచి అది పార్టీ పేరైంది. ఒకసారి పేరయ్యాక విశేషణానికి ఉండే అర్థం పూర్తిగా వర్తించాలన్న నియమం లేదు. ఇంగ్లండు, వేల్సులలో స్వలింగ వివాహానికి చట్టబద్ధత 2013లో కన్జర్వేటివ్ నాయకుడు డేవిడ్ కామెరాన్ ప్రభుత్వంలోనే వచ్చింది. భారతీయ మూలాలున్న తొలి బ్రిటన్ ప్రధాని రిషి సునాక్ 2022లో పదవి చేపట్టింది కూడా ఆ పార్టీ నుంచే. ఇంగ్లిషులో ఈ తేడా కంటికి కనిపిస్తుంది. పార్టీ అయితే పెద్ద అక్షరంతో, స్వభావమైతే చిన్న అక్షరంతో రాస్తారు. చిన్న ‘సి’తో కన్జర్వేటివ్ అని నోటితో కూడా విడమరచి చెప్పే అలవాటు వారికి ఉంది. తెలుగు లిపిలో పెద్దక్షరాలు లేవు కాబట్టి మనం రాసేటప్పుడు ‘కన్జర్వేటివ్ పార్టీ’ అనో, ‘కన్జర్వేటివ్ స్వభావం’ అనో పూర్తిగా రాయడమే క్షేమం.

ఈ మాట ఎంత సాపేక్షమో తెలుసుకోవడానికి నల్లగొండ చరిత్ర అక్కరకు వస్తుంది. 1946 నుంచి 1951 వరకు సాగిన సాయుధ పోరాటంలో ఇక్కడ కమ్యూనిస్టు అంటే దొర గడీని, వెట్టిని, ఉన్న వ్యవస్థనంతటినీ పడగొట్టాలన్నవాడు. 1952 తొలి సాధారణ ఎన్నికల్లో నల్లగొండ లోక్‌సభ స్థానం నుంచి కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డిగారు నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో గెలిచారంటే ఆ మార్పును జనం ఎంతగా కోరుకున్నారో తెలుస్తుంది. అదే 1991 ఆగస్టులో మాస్కోలో సోవియట్ అధ్యక్షుడు గోర్బచేవ్ సంస్కరణలను ఆపడానికి తిరుగుబాటుకు దిగిన కమ్యూనిస్టు నాయకులను ప్రపంచ పత్రికలు కన్జర్వేటివ్‌లని రాశాయి. నల్లగొండలో ఉన్నదాన్ని కూల్చడానికి వచ్చిన సిద్ధాంతమే మాస్కోలో ఉన్న ప్రభుత్వమై కూర్చుంది కాబట్టి, అక్కడ దాన్ని నిలుపుకోవాలన్నవారికి ఆ విశేషణం చెల్లింది. ఎవరిని కన్జర్వేటివ్ అన్నా, ఏ చోట, ఏ కాలంలో, దేన్ని కాపాడడానికి అని ప్రశ్నించుకున్నాకనే అర్థం చేసుకోవాలి.

మితవాది అనే అనువాదం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. 1944లో భువనగిరి ఆంధ్ర మహాసభలో రావి నారాయణరెడ్డిగారు అధ్యక్షులుగా ఉన్నప్పుడు సభ చీలిపోయింది. విడిపోయి బయటికి వచ్చినవారిని మన చరిత్రకారులు మితవాదులంటారు. వారు కూడా నిజాం పాలనలో మార్పు కావాలన్నవారే, పద్ధతి, వేగం విషయంలోనే వేరుపడ్డారు. ఇంగ్లిషులో వారికి తగిన మాట మోడరేట్. వారిని కన్జర్వేటివ్‌లని అనువదిస్తే నిజాం వ్యవస్థను నిలబెట్టాలన్నవారిగా చదువరి పొరబడతాడు. పోటీ పరీక్షల్లో ఇంగ్లిషు మాధ్యమంలో జవాబు రాసే అభ్యర్థులు ఈ విషయంలో జాగ్రత్త వహించాలి.

వాడుకలో గమనించవలసిన చిన్న సంగతులు కొన్ని ఉన్నాయి. డబ్బు విషయంలో ఆచితూచి ఉండేవాడిని ‘కన్జర్వేటివ్ విత్ మనీ’ అంటారు, అందులో పిసినారితనం అనే నింద లేదు. అమెరికా రాతల్లో సోషల్లీ కన్జర్వేటివ్, ఫిస్కల్లీ కన్జర్వేటివ్ అని విడదీసి రాస్తారు. మొదటిది కుటుంబం, మతం, వివాహం వంటి విషయాల్లో వైఖరి, రెండవది ప్రభుత్వ ఖర్చు, పన్నుల విషయంలో వైఖరి. ఒకే మనిషిలో రెండూ ఉండాలని లేదు. కన్జర్వేషన్ అంటే అడవులు, కట్టడాలు, నీరు వంటివాటి సంరక్షణ. అమ్రాబాద్ పులుల అభయారణ్యం కోసం పనిచేసేవారు కన్జర్వేషనిస్టులే గానీ ఆ కారణంగా కన్జర్వేటివ్‌లు కారు. మన పురపాలక సంఘాల్లో వినిపించే కన్జర్వెన్సీ అనే మాటకు భారతీయ ఇంగ్లిషులో పారిశుద్ధ్యమని అర్థం, అది మరో దారి. ఉచ్చారణలో ఊనిక రెండో అక్షరం మీద ఉంటుంది, తర్వాతి అక్షరం పొట్టిగా పలుకుతుంది. ‘కన్‌సర్‌వటివ్’ అన్నది ఇంగ్లిషువారి ఉచ్చారణకు దగ్గర. తెలుగులో రాసేటప్పుడు వాడుకలో స్థిరపడినట్టు కన్జర్వేటివ్ అనే రాయవచ్చు, నేనూ అలాగే రాశాను. ఇంటర్వ్యూలో మాట్లాడేటప్పుడు మాత్రం ‘వే’ అని సాగదీయకండి.

ఇప్పుడు మీ దరఖాస్తు. మన దగ్గర ‘మాది కన్జర్వేటివ్ ఫ్యామిలీ’ అన్నప్పుడు పెద్దల మాటకు విలువనిచ్చే, పండుగలూ నోములూ పాటించే, ఆడపిల్లలను కొంత కట్టడిలో పెంచే ఇల్లు అని వినేవారికి అర్థమవుతుంది. అనేవారు గౌరవంగానే అంటారు, పెళ్లి సంబంధాల ప్రకటనల్లో అయితే అది ఒక అర్హతగానే నిలుస్తుంది. మీ దరఖాస్తు చదివే అమెరికా ఆచార్యుడికి మాత్రం అది మొదట మీ ఇంటివారి రాజకీయాభిప్రాయంగా తోస్తుంది. లేదా చదువుకు అడ్డుపడిన ఇల్లుగా తోస్తుంది. ఈ రెండింటిలో ఏదీ మీరు చెప్పదలచుకున్నది కాదని మీ ప్రశ్నను బట్టి నాకు అర్థమైంది. అమ్మానాన్నలు మిమ్మల్ని చదివించారనీ, దూరపు ఊళ్లకు పంపడానికి మొదట భయపడినా తర్వాత ఒప్పుకున్నారనీ మీరే రాశారు. అంతటి మంచి విషయాన్ని ఒక్క విశేషణం కింద కప్పిపెట్టవద్దు. మీ స్నేహితురాలి సలహా సరైనదే. ఆచారాల మాట చెప్పాలనుకుంటే ట్రెడిషనల్ అని రాయండి. మిగతాది విశేషణంతో కాక జరిగిన సంగతితో చెప్పండి. మా ఇంట్లో ఊరు దాటి చదువుకు వెళ్లిన మొదటి ఆడపిల్లను నేను, ఆ నిర్ణయం తీసుకోవడానికి మా తల్లిదండ్రులకు కొంత కాలం పట్టింది, తీసుకున్నాక ఒక్కసారి కూడా వెనక్కి పిలవలేదు అన్న అర్థం వచ్చేలా రెండు సాదా ఇంగ్లిషు వాక్యాలు రాసి, అవి మీ విషయంలో అక్షరాలా నిజమైతేనే ఉంచండి. మొదటి పేరాలో జిల్లా పేరు ఉండనివ్వండి, ఆ వాక్యంలోని మిగిలిన భాగాన్ని ఇలా మార్చుకుంటే చాలు.